రాతయు, గీతయు

తాలూకా కచేరీలో ముప్పదియైదు సంవత్సరములు రూళ్లకర్రతో రిజిస్టర్లలో గీతలు గీచి, ఆ గీతల నడుమ సర్కారువారి లెక్కలు వ్రాసి, తుదకు పింఛను పుచ్చుకొని బయటపడిన నావంటివానికి, వార్ధక్యమున మరల ఆ గీతయు ఆ రాతయు ప్రాప్తించునని, అదియు యార్కు నగరమున కుమారుని యింటి వెనుకగదిలో, జానాబెత్తెడు పొడవైన పొగబండి యింజను మీద ప్రాప్తించునని ఏ జ్యోతిష్కుడును నాకు చెప్పియుండలేదు.

మా పొరుగున ఒక ఆంగ్లేయ వృద్ధుడు కలడు. ఆయనకు మాటలు తక్కువ, కోటు జేబులు ఎక్కువ. ఒక జేబులో భూతద్దము, ఒక జేబులో శ్రావణము, తక్కిన జేబులలో నేమున్నదో ఆయనకే యెరుక. ఆయన ఇత్తడి రేకులతో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అను యింజనును కట్టి, పచ్చి ఆపిలుపండు ఛాయగల రంగు వేసి, నా జన్మదినమునకు బహూకరించి, “గీతలును రాతలును నీవు చేసికొనుము, రెండు వారములు మాత్రము ఆగుము” అని చెప్పి వెడలిపోయెను. అసలు యింజను 1923లో డాంకాస్టరు కర్మాగారమున పుట్టి, 1924లో వెంబ్లీ సామ్రాజ్య ప్రదర్శనమున కొలువుదీరి, 1934లో గంటకు నూరు మైళ్ల వేగమును అధికారికముగా అందుకొని, నేడు మా యూరి జాతీయ రైల్వే సంగ్రహశాలవారి సొత్తయి యున్నది. అట్టి మహారాజ్ఞికి వెంబ్లీనాటి అలంకారమే చేయవలెనని నేను సంకల్పించితిని. బొగ్గు మోయు టెండరుమీద పై వరుసను ఎల్, ఎన్, ఇ, ఆర్ అను నాలుగక్షరములు, క్రింద 4472 అను అంకెలు, డ్రైవరు నిలుచు గది ప్రక్కను కంపెనీవారి చిహ్నము, ఎల్లెడలను నలుపు తెలుపు గీతలు. నా బాల్యమున రాజమహేంద్రవరపు స్టేషనులో చూచిన యింజన్లకు మసి తప్ప మరియొక అలంకారము చూచిన జ్ఞాపకము నాకు లేదు. ఆ సౌలభ్యము నాకప్పుడు తెలిసినది కాదు.

ఈ బొమ్మల లోకమున అడుగునకు నాలుగు మిల్లీమీటర్లు లెక్క. అసలు యింజనుమీద పావు అంగుళము వెడల్పుగల గీత యిక్కడ మిల్లీమీటరులో పండ్రెండవ వంతగును. వెంట్రుకవాసి యను మాటను జీవితమంతయు వాడితిని గాని, వెంట్రుకవాసి గీత గీయవలసివచ్చునని యెరుగను. దానికి సాధనము రూలింగు పెన్ను: రెండు ఉక్కు రేకులు, వానిని దగ్గరకు చేర్చు ఒక మర, రేకుల సందున ఒక చుక్క ఎనామెలు రంగు. మర బిగించిన గీత సన్నగిల్లును, వదలించిన లావగును. ఇంతవరకు వేదాంతమువలె సులభమే. రంగు చిక్కనైనచో పెన్ను దిగదు, పలుచనైనచో ఒక్కసారిగా దూకును, గావున పాలవలె నుండవలెనని వృద్ధుడు సెలవిచ్చియుండెను. గేదె పితికిన వెంటనే నున్న పాలా, మా యూరి వాడుక పాలా యని నేనడుగలేదు. అద్దపు పలకమీద మాత్రము నా గీతలు ముత్యాల సరములవలె వచ్చినవి. అంతఃపురమున ఉత్తరకుమారుని ప్రతాపమును అట్లే యుండినదట. యుద్ధభూమియైన టెండరుమీద పెన్ను మోపగానే, తెల్లని రంగు ఒక క్షణము నన్ను నమ్మించి, మరుక్షణమున గోదావరి వరదవలె గట్లు తెగి పారినది.

తప్పిన గీతను తుడుచుటకు ఉపాయము లేకపోలేదు. పండ్లు కుట్టుకొను పుల్ల చివరను థిన్నరులో రవంత తడిపి, గీత యంచును మెల్లగా గోకవలెను. అయితే అడుగు రంగు పూర్తిగా గట్టిపడి యుండవలెను. రెండు వారములు ఆగుమన్న మాటకు అర్థమదియే. నేను రెండు దినములాగితిని. తెలుపుతోపాటు పచ్చదనమును లేచివచ్చి, అడుగున నున్న ఇత్తడి నన్ను చూచి నవ్వినది.

గీతల పర్వము ఎట్లో ముగిసి రాతల పర్వమునకు వచ్చితిని. అక్షరములు వ్రాయ నక్కరలేదు; కాగితముమీద అచ్చువేసి యమ్ముదురు. కత్తిరించి గోరువెచ్చని నీట అరనిముసము నానబెట్టిన, ఎర్రని నీడగల బంగారు అక్షరము తన కాగితమును విడిచి తేలును. దానిని తడి కుంచెతో టెండరుమీదికి జార్చవలెను. ఎల్ బుద్ధిమంతురాలై కూర్చున్నది. ఎన్ రవంత దూరముగా కూర్చున్నది. ఇ మీద మెత్తబరచు ద్రవమును రాయగా, అది ముసలివాని చర్మమువలె ముడుతలు పడినది. అట్లు పడుట దాని ధర్మమనియు, ముట్టకున్న తానే చదునగుననియు సీసామీద ముద్రించి యుండిరి; సీసామీది రాత చదువుటకు ముందే నేను వ్రేలితో సవరించితిని. చిత్తుకాగితమైన ఆ ఇ స్థానమున మరియొక ఇ పెట్టి, ఆర్ కొరకు చూతునుగదా, గిన్నెలో లేదు, కుంచెమీద లేదు, బల్లమీద లేదు. చెమట తుడుచుకొనుచు అరగంట వెదకితిని. ఇంతలో మా యావిడ కాఫీతో వచ్చి, నన్ను తేరిపార చూచి, “ఏమండీ, మీ నుదుట ఏదో రాసి ఉందండీ!” అనినది.

బ్రహ్మ వ్రాసిన రాత యెవరికిని కనబడదందురు. నాది అద్దములో స్పష్టముగా కనబడినది, బంగారు అక్షరమున, ఎర్రని నీడతో, తలక్రిందు కాకున్నను ఎడమ కుడియై.

దానిని నుదుటినుండి పెకలించి టెండరున కెక్కించితిని. ఇక కంపెనీవారి చిహ్నము. అందు “ముందుకు” అను ధ్యేయవాక్యము ఆంగ్లమున కలదట. భూతద్దమునకు సైతము నాకది చిక్కలేదు గాని, చిహ్నము మాత్రము తన ధ్యేయమును బాగుగా గ్రహించినది. కుంచెతో సవరించినప్పుడెల్ల ముందుకే జారుచు, గది విడిచి బాయిలరువైపునకు ప్రయాణము సాగించినది.

ఇదంతయు కుడిప్రక్క కథ. ఎడమప్రక్కకు వచ్చుసరికి నాకు కొంత చేయి తిరిగి, ఆ ప్రక్క నిజముగా చూడదగినదైనది. కుడిప్రక్కనో, మెరుగు వార్నిషు ముందుగా పూయనందున అక్షరముల క్రింద గాలి చిక్కి, కంటి శుక్లమువలె తెల్లని పొర క్రమ్మియుండెను. కావున కుడిప్రక్క గోడవైపునకు త్రిప్పి, గోడకు చేరువగా యింజనును అలమారలో నిలిపితిని. గోడకు ముఖము పెట్టి నిలబెట్టుట బడినాటినుండి నాకు పరిచితమైన శిక్షయే.

ఆ సాయంకాలము వృద్ధుడు టీకి వచ్చెను. అలమార ముందర వంగి, భూతద్దముతో ఎడమప్రక్కను అయిదు నిముసములు చూచి, “ఈ ప్రక్క చాల బాగున్నది” అనెను. నా ప్రాణము కుదుటపడినది. పిమ్మట ఆయన భూతద్దమును మొదటి జేబులో పెట్టుకొని, లోపలి జేబున చేయి దూర్చి, దంతవైద్యులు పండ్ల వెనుక భాగమును చూచుటకు వాడునట్టి, పొడవైన కాడగల చిన్న అద్దమును మెల్లగా వెలికి తీసెను.