ఆరేళ్ల అవతార పురుషుడు

అమెరికా చరిత్ర ఎక్కడ చెడిపోయిందో కనిపెట్టేశామనే పండితులు కొందరున్నారు. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసిన పెద్దమనుషులు అధ్యక్షుడికి నాలుగేళ్ల పదవిచ్చి, మళ్లీ పోటీ చేసుకోవచ్చు అనడమే పాపమట. ఒక్కసారే ఆరేళ్లిచ్చి, ఆపైన ఇంటికి పొమ్మని ఉంటే శ్వేతభవనంలో వరసగా రుషులే కాపురముండేవారట. ఓట్ల యావ లేని మనిషి దేశం గురించి తప్ప ఇంకేమీ ఆలోచించడని వీళ్ల నమ్మకం. నమ్మకంతో ఆగితే మనకేం బాధ లేదు. ఏ ఏడు ఎవరు గద్దెనెక్కేవారో జాబితాలు వేస్తారు. అత్తకు మీసాలు మొలిపించి, మామా అని పిలిచి, ఆ మామ చేత యుద్ధాలు కూడా గెలిపిస్తారు.

సరే, ఆ లెక్కేదో మనమూ వేద్దాం. వాషింగ్టన్ 1789లో మొదలుపెట్టాడు. ఆరేసి కలుపుకుంటూ పోతే 1861 తగులుతుంది, లింకన్ వచ్చిన ఏడు. 1933 తగులుతుంది, రూజ్వెల్ట్ వచ్చిన ఏడు. నిక్సన్ 1969, రీగన్ 1981, క్లింటన్ 1993, ట్రంప్ 2017 కూడా అచ్చుగుద్దినట్టు కుదురుతాయి. పండితులకు ఒళ్లు పులకరించేది ఇక్కడే. ఇందులో దైవలీల ఏమీ లేదు. నాలుగుకీ ఆరుకీ క.సా.గు. పన్నెండని బడిలో మాస్టారు చెప్పే ఉంటారు. 2000లో ఎన్నికే ఉండదు కాబట్టి ఫ్లోరిడాలో 537 ఓట్ల తగాదా ఉండదు, ఒప్పుకుంటాను. 2008లోనూ ఉండదు. అంటే బ్యాంకులు కుప్పకూలిన ఏడాది కోపమొచ్చిన ఓటరు ఆ కోపాన్ని 2010 నవంబరు దాకా దాచుకోవాలి. 2020లోనూ ఉండదు. కొవిడ్ కాలమంతా ట్రంప్ చేతిలోనే, 2023 జనవరి దాకా. ఓట్ల యావ లేని ట్రంప్‌ను ఊహించుకోమంటున్నారు. నావల్ల కాలేదు.

వాళ్లకు ప్రాణప్రదమైన ఉదాహరణ నిక్సన్. 1972 జూన్ 17న వాటర్‌గేట్ భవనంలో పట్టుబడ్డ దొంగల వెనక ఉన్నది ఆయనను మళ్లీ గెలిపించడానికి పెట్టిన కమిటీ. రెండో పోటీ లేకపోతే కమిటీ లేదు, కమిటీ లేకపోతే దొంగలు లేరు, నిక్సన్ 1975 జనవరిలో పూలదండలతో కాలిఫోర్నియా వెళ్లేవాడు. వినసొంపుగానే ఉంది. కానీ ఆ వాటర్‌గేట్ దొంగతనానికి తొమ్మిది నెలల ముందే, 1971 సెప్టెంబరులో, శ్వేతభవనం పెంచిన ముఠా ఒకటి పెంటగాన్ పత్రాలు బయటపెట్టిన ఎల్స్‌బర్గ్ మీద కక్షతో ఆయన మానసిక వైద్యుడి ఆఫీసు తలుపులు పగలగొట్టింది. అక్కడ ఏ ఓట్లు దొరుకుతాయని వెళ్లారు?

కుంభకోణాలన్నీ రెండో విడతలోనే వస్తాయి, ఆరేళ్లకు కోసేస్తే పీడ వదులుతుందని ఇంకో వాదం. ఇరాన్-కాంట్రా బయటపడింది 1986 నవంబరులో. పండితుల పంచాంగం ప్రకారం రీగన్ దిగాల్సింది 1987 జనవరిలో. లెవిన్‌స్కీ వ్యవహారం 1998 జనవరిలో రచ్చకెక్కింది, ప్రతినిధుల సభ క్లింటన్‌ను అభిశంసించింది డిసెంబరులో. ఆయన దిగాల్సింది 1999 జనవరిలో. రెండు అప్రతిష్ఠలూ ఆరో ఏట, గడువు దాటకుండా, బుద్ధిగా వచ్చి కూర్చున్నాయి.

నన్ను కాస్త తడబాటు పెట్టేది లింకన్ ఒక్కడే. 1864లో ఎన్నిక లేకపోతే ఆయన ఉపాధ్యక్షుడిని మార్చేవాడు కాదు. మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చిన, బానిసత్వమంటే గిట్టని హానిబల్ హామ్లిన్ ఆ కుర్చీలో ఉండిపోయేవాడు. 1865 ఏప్రిల్‌లో లింకన్ హత్య తర్వాత అధికారం ఆండ్రూ జాన్సన్ పాలపడేది కాదు. విముక్తులైన నల్లవారికి జాన్సన్ చేసిన ద్రోహం తెలిసిన వాళ్లెవరికైనా ఈ ఊహ నోరూరిస్తుంది. నాకూ ఊరింది. అయితే అదే ఎన్నిక ఇంకో పని చేసింది. 1864 ఆగస్టులో ఓడిపోతానని లింకన్‌కు దాదాపు ఖాయమైపోయింది. ఓడితే కొత్తవాడు వచ్చేలోగా యూనియన్‌ను ఎలాగైనా నిలబెడతామన్న మాట ఒక కాగితం మీద రాసి, మడిచి, చదవనివ్వకుండా మంత్రుల చేత సంతకాలు పెట్టించాడు. ఎన్నిక మాత్రం వాయిదా వెయ్యలేదు. సెప్టెంబరులో అట్లాంటా చేజిక్కింది, నవంబరులో 212 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి, వాటికి ఎదురు 21. యుద్ధం కొనసాగాలా, బానిసత్వం పోవాలా అని యుద్ధం మధ్యలో జనాన్ని అడిగి అవుననిపించుకున్న అధికారం అది. ఆరేళ్ల పద్ధతిలో ఆ ప్రశ్న అడిగేవాడే ఉండడు.

ఇక ఈ సంస్కరణను బోధించిన మహానుభావుల సంగతి. ఆండ్రూ జాక్సన్ 1829లోనే, నాలుగో ఆరో, ఒక్కసారే చాలన్నాడు. 1832లో మళ్లీ నిలబడి గెలిచాడు. గ్రోవర్ క్లీవ్‌లాండ్ 1884లో రెండో పోటీ వల్ల ప్రజాస్వామ్యానికి ముప్పని ఉత్తరం రాసి, మొత్తం మూడుసార్లు పోటీ చేశాడు. 1912లో డెమోక్రాట్లు ఒక్క పదవీకాలమే చాలని ప్రణాళికలో రాసుకున్నారు. 1913 ఫిబ్రవరిలో ఆరేళ్ల సవరణ సెనేట్‌లో 47–23 ఓట్లతో గట్టెక్కింది కూడా. ఆ పార్టీ తరఫునే గెలిచిన విల్సన్, ఇంకా ప్రమాణమైనా చెయ్యకముందే, అది కుదరదని లేఖ రాశాడు. ప్రతినిధుల సభ దాన్ని అటకెక్కించింది. 1916లో విల్సన్ మళ్లీ పోటీ చేశాడు. కార్టర్ కూడా ఆరేళ్లే మేలన్నాడు, 1980లో మళ్లీ ఓట్లడిగి ఓడాడు. నిష్ఠగా ఉన్నవాడు హేస్ ఒక్కడే. 1877లో ప్రమాణం చేస్తూ ఆరేళ్లు కావాలన్నాడు, నాలుగేళ్లకే ఇంటికి వెళ్లాడు. ఆయన 185–184 తేడాతో, అదీ నానా రభస తర్వాత గెలిచినవాడు. మళ్లీ అడిగితే ఏమవుతుందో ఆయనకు తెలిసే ఉంటుంది.

అమెరికాలోని మన తెలుగు పిల్లలకు ఈ ఆరేళ్ల లెక్క కొత్తేమీ కాదు. హెచ్-1బి వీసా గరిష్ఠ గడువు మామూలుగా ఆరేళ్లు. కానీ దాన్నైనా మూడేళ్లకోసారి పొడిగించుకోవాలి, కాగితాలు చూపించాలి. అణ్వాయుధాల మీట చేతికిచ్చిన మనిషికి మాత్రం మధ్యలో ఏ రెన్యువలూ అక్కర్లేదని పండితుల తీర్పు.

ఈ పద్ధతిని నిజంగా పాటించిన దేశాల పేరెత్తితే వీళ్లకు వినపడదు. మెక్సికోలో 1934 నుంచి అధ్యక్షుడికి ఒక్క ఆరేళ్ల పదవే. మనిషి మారేవాడు, వారసుణ్ణి తానే వేలితో చూపించి వెళ్లేవాడు, పార్టీ మాత్రం 2000 దాకా కదల్లేదు. అంత దూరం కూడా పోనక్కర్లేదు. అమెరికా గడ్డ మీదే దీన్ని రాజ్యాంగంలో రాసుకుని అమలుపెట్టిన వాళ్లున్నారు. బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది కాన్ఫెడరసీ 1861లో అధ్యక్షుడికి ఆరేళ్లు, ఒక్కసారే, అని రాసుకుంది. జెఫర్సన్ డేవిస్ ఆ పద్ధతిలో 1862 ఫిబ్రవరి 22న రిచ్‌మండ్‌లో ప్రమాణం చేశాడు. మళ్లీ ఓటడగాల్సిన పని ఆయనకు లేదు. ఓట్ల యావ లేని ఆ మహానుభావుడు, కింది జనరల్స్ మొత్తుకుంటున్నా బ్రాగ్ లాంటి తన మనుషులను సేనాపతులుగా పట్టుకు వేలాడాడు. ఆయన ఉపాధ్యక్షుడే ఆయనను తిట్టిపోశాడు. దక్షిణాది ఓడింది ఆరేళ్ల పదవి వల్లేనని నేననను. ఆ పదవి ఆయనను రుషిని చెయ్యలేదని మాత్రం అంటాను. డేవిస్ గడువు 1868 ఫిబ్రవరి దాకా ఉంది. 1865 మే 10న జార్జియా అడవుల్లో పారిపోతూ సైనికులకు పట్టుబడ్డాడు.