కొట్టుకు తాళం, కెమెరాకు 12345

జనం పోగయ్యే చోట సీసీ కెమెరా ఉండాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే చట్టం చేశారు. మన పరిగి సేటూ పెట్టించాడు. కొట్టుకు రెండు తాళాలు. కెమెరాకు మాత్రం డబ్బాతో వచ్చిన పాస్‌వర్డే, 12345!

భద్రత పట్టించుకోలేదని సేటునేం అంటాం? సర్కారు ఆఫీసుల్లోనే పది లక్షల చైనా కెమెరాలున్నాయని 2021లో కేంద్రమే లోక్‌సభకు చెప్పింది. భద్రతా పరీక్ష నెగ్గితేనే అమ్మాలన్న నిబంధన 2025 ఏప్రిల్‌కు గానీ అమల్లోకి రాలేదు. కొత్తవాటికి సరే, ఇప్పటికే గోడలెక్కిన పాతవాటి సంగతో?

ఉద్దెర ఖాతా ఇంట్లోవాళ్లకే చూపని సేటు, కెమెరాను సరిగ్గా గల్లాపెట్టె మీదే బిగించాడు. యాప్ అడిగిన అనుమతులన్నిటికీ ఓకే కొట్టేశాడు. ‘‘ఈ బొమ్మలన్నీ ఏ దేశం పోతున్నయ్ సేటూ?’’ అంటే, ‘‘ఏమో, ఫ్రీ అన్నడు బిగించినోడు!’’