పి0340: సటీకా తాత్పర్యం

మూలం
పి0340. క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్ మాల్‌ఫంక్షన్.

అవతారిక
ఇది స్కానర్ ఉవాచ. పెట్రోలు కారులో ఒక కుటుంబం సూర్యాపేట నుంచి కోదాడకు పెళ్లికి బయల్దేరింది. తాళం తిప్పితే సెల్ఫు ఎంతోసేపు తిరిగిగాని ఇంజిను అందుకోలేదు, పైగా పసుప్పచ్చ ఇంజిను బొమ్మ వెలిగింది. వెనక సీట్లో అత్తమ్మ "శకునం మంచిగ లేదు" అన్నది. అది వేరే శాస్త్రం.

ప్రతిపదార్థం
పి = ఇంజిను, గేరుబాక్సు వర్గమునకు చెందినదై; 0 = ఏ కంపెనీ బండియందైనను ఒకే అర్థమిచ్చునదై; క్యామ్‌షాఫ్ట్ = వాల్వులను తెరుచు కడ్డీ యొక్క; పొజిషన్ = తిరుగుడులో నున్న చోటును; సెన్సర్ = కనిపెట్టుదాని యొక్క; సర్క్యూట్ = తీగలు, కనెక్టరు మొదలు కంప్యూటరు దాకా గల దారియందు; మాల్‌ఫంక్షన్ = తేడా కలదు.

తాత్పర్యం
క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక్క చుట్టు తిరుగుతుంది. అందుచేత పిస్టను పైకొచ్చిందని క్రాంకు సెన్సరు చెప్పగలదు గాని, పెట్రోలు కలిసిన గాలిని నొక్కడానికొచ్చిందో పొగ వెళ్లగొట్టడానికొచ్చిందో చెప్పలేదు. ఆ సందేహం తీర్చేది క్యాము సెన్సరు. ఆ కబురు అందకపోతే కంప్యూటరు తడుముకుంటుంది. కొన్ని బండ్లు అసలు స్టార్టే కావు.

పాఠభేదాలు
సూర్యాపేట పాఠం: "సెన్సర్ వోయింది సార్, కొత్తది ఎయ్యాలె." వేయించారు. కోదాడ చేరకముందే దీపం మళ్లీ వెలిగింది.

కోదాడ పాఠం: "టైమింగ్ చైన్ సాగింది, ఇంజిన్ ఇప్పాలె." చైను సాగితే మామూలుగా వచ్చేది పి0016, అంటే క్రాంకుకూ క్యాముకూ పొంతన కుదరడం లేదని. అది వేరే సూత్రం, ఇక్కడ లేదు. సంస్కృత కావ్యాలకు టీకలు రాసిన, మెదక్ జిల్లా కొల్చారం వాడంటున్న మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ముందే మాటిచ్చి వ్యాఖ్య మొదలుపెట్టాడు. హైవే పక్క షెడ్లలో ఆ మాట రాసి కడితే స్పేరు పార్టుల కొట్లు సగం మూతపడతాయి.

మిర్యాలగూడ పాఠం: మా దృష్టిలో ఇదే ప్రామాణికం. పెళ్లి కాగానే హుజూర్‌నగర్ మీదుగా అక్కడికి పోతే, మెకానిక్ సెన్సరును ముట్టనే లేదు. "దసరాకు బండి ఏడ వెట్టిన్రు సార్?" అన్నాడు. ఈ ఊళ్లోనే, రైసుమిల్లు వెనక, బావమరిది ఇంటి దగ్గర. తలూపి కనెక్టరు ఊడదీశాడు. మూడు తీగలు: ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన అయస్కాంత ప్రభావం మీద పనిచేసే జాతి. ఇంజిను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, మల్టీమీటరు పట్టాడు. సరఫరా తీగలో అయిదు వోల్టులు ఉన్నాయి. ఎర్తు బాగుంది. ఈ బండిలో సిగ్నలు తీగకు కంప్యూటరు నుంచి రావలసిన అయిదు మాత్రం సున్నా. టేపు విప్పుకుంటూ పోతే, బ్యాటరీ పక్కన ఎలుక కొరికిన చోటు దొరికింది. తీగ అతికి, సోల్డరు వేసి, పైన గొట్టం తొడిగాడు. కోడు చెరిపి తాళం తిప్పితే ఇంజిను ఒక్క ఊపులో అందుకుంది.

అలంకారం
వినాయకుడి వాహనం మన వాహనాన్ని తిన్నది గనుక శ్లేష. కారణం ఒకచోట, కార్యం మరోచోట గనుక అసంగతి: కొరికింది మిర్యాలగూడలో, బిల్లు కట్టింది సూర్యాపేటలో.

విశేషం
కొత్త సెన్సరు వాపసు ఇద్దామంటే కుదరలేదు. "ఎలక్ట్రికల్ సామాను వాపసు తీసుకోబడదు" అనే వాక్యాన్ని కొందరు ప్రక్షిప్తమంటారు. కాదు, బిల్లు వెనక అచ్చేసే ఉంది.