మామ మళ్ళీ దూకతాడంట

మా చిన్నమామ ఆకాశంలోంచి దూకింది మూడుసార్లు. ఆ మూడు దూకుళ్ళ కథ మేం విన్నది, తక్కువలో తక్కువ, మూడువేల సార్లు.

1989లో, తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు, ఎన్‌సీసీ తరఫున ఆగ్రాకి పోయినాడు. వాయుసేన వాళ్ళ పారాట్రూపర్ల శిక్షణ స్కూల్లో నేర్చుకుని, ఏఎన్-32 విమానంలోంచి దూకినాడు. అప్పుడిచ్చిన రెక్కల బిళ్ళ ఇప్పటికీ వెంకన్న పటం పక్కనే ఉంది. శనివారం హారతి దానికీ ఒక చుట్టు తిరుగుతుంది.

ఇట్లాంటి వాళ్ళు మీ ఇండ్లలోనూ ఉంటారు. ఒకప్పుడు కబడ్డీ ఆడినాయన, ఒకప్పుడు మృదంగం వాయించినాయన. ‘ఒకప్పుడు’ అనేది వాళ్ళ ఇంటిపేరు. చాలామంది చెప్పుకొని ఊరుకుంటారు. మా మామ ఊరుకునే రకం కాదు.

2023 అక్టోబర్ 21న మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటలో, మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ కోసం ఒక పరీక్ష జరిగింది. రాకెట్ లేవడానికి ఐదు సెకన్లుండగా కంప్యూటర్ ఆపేసింది. లోపం సరిచేసుకుని పదిగంటలకు మళ్ళీ వదిలినారు. పైకి పోయిన, వ్యోమగాములు కూర్చునే గది రాకెట్ నుంచి విడిపోయి, ప్యారాచూట్లు విప్పుకుని, ఒడ్డుకు పది కిలోమీటర్ల దూరాన సముద్రంలో దిగింది. టీవీ ముందు మామ కండ్లు తడిసినాయి.

“చూసినావా అల్లుడా! ఆగినంత మాత్రాన అయిపోయినట్టా? మళ్ళీ లేచింది గదా! నేనూ మళ్ళీ దూకతా.”

ఇస్రో ఆగింది గంటో గంటన్నరో. మామ ఆగింది ముప్పై నాలుగేండ్లు.

“దాంట్లో మనుషులెవ్వరూ లేరు మామా” అన్నా.

“అందుకే పదిలంగా దిగింది” అనింది అత్త, దోసె తిరగేస్తా.

అత్త మాటలో న్యాయముంది. ఆగ్రాలో దూకేది సైన్యం పద్ధతి. ఎత్తు దాదాపు 1,250 అడుగులు. ప్యారాచూట్‌కి కట్టిన తాడు కొసను విమానంలోని తీగెకు తగిలిస్తారు. మనిషి తలుపు దాటి పడతానే తాడు బిగిసి, ప్యారాచూట్‌ని అదే తెరుస్తుంది. మామ ఇప్పుడు మోజుపడింది స్కైడైవింగ్ మీద. పదివేల అడుగులనుంచి, అంటే తిరుమల కొండకు మూడింతలు దాటిన ఎత్తునుంచి దూకాల. గంటకు 190 కిలోమీటర్ల వేగంతో, అర నిమిషానికి పైగా రాయి మాదిరి పడాల. ఆమీదట ప్యారాచూట్‌ని తన చేత్తోనే తెరుచుకోవాల.

“అప్పుడు తాడు గుంజింది ఏరోప్లేను. ఇప్పుడు గుంజాల్సింది ఈయప్ప. ఇంట్లో కర్టెన్ గుంజితేనే కడ్డీతో సహా ఊడొస్తాది” అనింది అత్త.

నేను కొంచెం చదివి, మర్యాదగా చెప్పబోయినా. అమెరికా ప్యారాచూట్ సంఘం లెక్కలో, మొదటి మెట్టు లైసెన్సు వాళ్ళు అరవై దినాలు దూకకుంటే మళ్ళీ గురువు ఎదుట దూకి చూపించాల. అన్నిటికన్నా పై మెట్టు వాళ్ళకైనా ఆరునెలలే గడువు. ప్యారాచూట్ చిక్కుపడితే దాన్ని వదిలించుకుని రెండోది తెరవడానికి దొరికేది కొన్ని క్షణాలే. “తరవాత ఏం చెయ్యాలబ్బా” అని తల గోక్కునే వ్యవధి ఉండదు.

మామ ఇదంతా విని, “అరవై అంటా ఉండావా? నాకింకా యాభై నాలుగే!” అన్నాడు.

మరుసటి రోజునుంచి శిక్షణ. అరుగు విమానమైంది, కింద పరచిన పాత పరుపు ఆగ్రా అయింది. దిగే విద్యకు ఒక వరసుంది. కాళ్ళు రెండూ జత చేసి, మోకాళ్ళు కొంచెం మడిచి, ముందు పాదం, తరవాత పిక్క, తొడ, పిరుదు, వీపు పక్కభాగం వరసగా నేలకు తగిలేటట్టు దొర్లితే, దెబ్బ ఒక్కచోట పడకుండా ఒళ్ళంతా పంచుకుంటుంది. మామ ఈ వరసను ఏకరువు పెట్టినాడు. తరవాత కండ్లు మూసుకుని, “వెయ్యీ, రెండువేలు, మూడువేలు, నాలుగువేలు!” అని దూకేవాళ్ళ సెకన్ల లెక్క కేకేసి దూకినాడు. మొదట పిరుదు తగిలింది. మిగతావాటికి పని లేకపోయింది. తట్టలో సంగటి ముద్ద పడినట్టు పడినాడు.

పక్కింటాయన గోడమీదనుంచి తొంగిచూసి, “ఈ నెల చీటీ పాట ఎంతకు పోయింది సార్?” అన్నాడు.

నెల తరవాత, ఒంట్లో బలం రావాలని తిరుమల మెట్లదారి పట్టినాడు. తోడు నేను. నా సంగతీ చెప్పుకోవాల గదా. ఇంటర్ పాసైనప్పుడు ఎక్కిందే ఆఖరు. ప్రతి ఏడాదీ “ఈసారి నడిచే పోతా” అని అలిపిరి దాకా వస్తా. అక్కడ బస్సు ఎక్కుతా. మామ అరుగెక్కి దూకనన్నా దూకినాడు.

దారిలో తలయేరు గుండుకు, నొప్పులు రాకూడదని, ఇద్దరం మోకాళ్ళు రాసినాం. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం ఇంకా పైనే ఉండగా ఇద్దరికీ గాలి అయిపోయింది. కూలబడినాం. చానాసేపు మాట్లాడకుండా ఉండి మామ మెల్లగా అన్నాడు:

“ఒరే, ఎవరికీ చెప్పద్దు. ఆగ్రాలో మొదటిసారి తలుపు దగ్గర నాకు కాళ్ళు ఆడలేదురా. వెనకనుంచి ఎవరో తోసినారు.”

మూడువేల సార్లు విన్న కథలో ఈ ముక్క ఎప్పుడూ రాలేదు. నవ్వుదామనుకున్నా గానీ, నవ్వు రాలేదు.

“లెయ్యి. నువ్వు నా వెనక ఉండు” అన్నాడు.

ఉన్నా. మరి నా వెనక ఎవరున్నారని తిరిగి చూస్తే, డెబ్బై ఏండ్ల అవ్వ ఒకామె, మెట్టు మెట్టుకీ వంగి పసుపు కుంకుమ పెడతా, మమ్మల్ని దాటుకోవాలని నిలబడుంది.

“కొంచెం దారియ్యండి నాయనా!”