కళ్లజోడు ఉంటే చాలు

బుక్కపట్నంలో జాతరకో ఎన్నికల ప్రచారానికో ఎన్టీ రామారావు వేషం కట్టబోతున్నావా అప్పా? ముందు పెద్ద కళ్లజోడు కొనుక్కో. తక్కిన నటనంతా అదే చూసుకుంటుంది.

పాత వీడియోలు చూస్తూ కూర్చోవద్దు. 1982లో పార్టీ పెట్టి, షెవర్లే వ్యాన్‌ను చైతన్యరథం చేసుకొని, ఖాకీ బట్టల్లో ఊరూరా తిరిగి, తొమ్మిది నెలల్లో ముఖ్యమంత్రి అయిన మనిషి మొహాన ఎంత దుమ్ముందో మనకెందుకు? పౌడరు దట్టంగా కొట్టు. ఖాకీ ఎప్పటిది, కాషాయం ఎప్పటిది అని ఎవడైనా నిలదీస్తాడేమో, ఎందుకైనా మంచిది, ఖాకీ ప్యాంటు మీద కాషాయ కండువా వేసుకో.

గొంతు మాత్రం దించొద్దు. ‘ఆడపడుచులారా’ అన్న ఒక్క మాటనే అరగంట సాగదియ్. మధ్యలో ఆగావో, జనం బొరుగుల బండి దగ్గరికి పోతారు. ఆయన ఆగితే జనం ఇంకాస్త ముందుకు జరిగేవాళ్లని ముసలోళ్లు అంటారు. వాళ్లకు చెవుడు.

మమ్ముట్టి దారి అస్సలు పట్టొద్దు. 2019లో ‘యాత్ర’ సినిమాలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి వేషం కట్టాడు. మలయాళీ అయ్యుండీ తెలుగు డబ్బింగ్ తానే చెప్పుకున్నాడు. పోలికలు లేవు, అనుకరణ జోలికి పోలేదు. ఎదుటోళ్లు గోడు చెప్పుకుంటుంటే ఊరికే వింటూ నిలబడ్డాడు. వినడానికి పారితోషికమా!

అదే ఏడాది రామారావు కొడుకు బాలకృష్ణ తండ్రి కథతో ‘కథానాయకుడు’, ‘మహానాయకుడు’ తీశాడు. తండ్రి 1985, 89, 94లో గెలిచిన హిందూపురానికే తానూ ఎమ్మెల్యే. కుర్ర రామారావుగా నా కంటికి ఆనలేదుగానీ, వయసు మళ్లిన వేషంలో తండ్రే దిగినట్టున్నాడు. దీన్నిబట్టి నువ్వు చేయవలసింది: రామారావు కొడుకుగా పుట్టు. కుదరకపోతే విగ్గు అద్దెకు తెచ్చుకో.

చెరువుకట్ట కింద ఒకసారి ఒకాయన రామారావు వేషంలో బాగానే మొదలుపెట్టాడు. కరెంటు పోయి మైకు మూగబోయింది. దిగొచ్చి, ముందు వరసలో ఒక అవ్వ పక్కన గొంతుక్కూర్చున్నాడు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకొని, ‘చెనిక్కాయలు ఎట్లున్నాయమ్మా?’ అన్నాడు, చిన్నగా.

‘ఏముండాయి సామీ, ఊడలు దిగే టయానికి వాన ఎగ్గొట్టె’ అంటూ అవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ‘ఇన్నాళ్లకు వచ్చినావా రామన్నా’ అంది.

చూశావా, కళ్లజోడు తీసి వేషమంతా చెడగొట్టుకున్నాడు. నువ్వు మాత్రం దానికి తాడు కట్టుకో.