రేటు తగ్గదు, కారు ఇస్తాం!

హైదరాబాద్‌లో ఫ్లాట్ల మార్కెట్ పడిపోతుందని కొన్నవాళ్లకు భయం. పడదేమోనని కొననివాళ్లకు భయం.

బిల్డరు మాత్రం నిబ్బరంగానే ఉన్నాడు. చదరపు అడుగుకి పైసా తగ్గించడు. మాడ్యులర్ కిచెన్ ఫ్రీ, ఏసీలు ఫ్రీ. ఇంకాస్త బెట్టు చేస్తే కారు కూడా ఇస్తాడట. పండగ ఆఫరు! ఏ పండగో అడక్కండి.

2023 వేలంలో కోకాపేట ఎకరం వంద కోట్లు దాటింది. అప్పట్నుంచి ప్రతి రాళ్లగుట్టా ‘కోకాపేటకు పది నిమిషాలే’. నిజమే, రాత్రి రెండింటికి బయల్దేరితే.

‘లేక్ వ్యూ’ అంటే ఒకప్పుడు ఎగబడేవారు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక, చెరువు కనబడితే కర్టెన్ వేస్తున్నారు.

రేటు పడ్డాక కొందామని ఆగినాయన దగ్గరికి ఇంటి ఓనరు వచ్చి అద్దె పెంచాడు.

‘‘మార్కెట్ పడిపోతోందటగా అండీ?’’

‘‘అందుకే పెంచానయ్యా!’’