అన్నీ పచ్చగానే ఉన్నాయి బాబాయ్

మల్కాపురం మెయిన్ రోడ్డు మీద మా యార్డు లారీలు బారులు తీరితే ఆ సంగతి అందరికంటే ముందు నాకు తెలియాలి. నాకు జీతమిచ్చేది అందుకే. తీరా జరిగేదేమిటంటే, ముందు గేటు పక్క టీ బడ్డీవాడికి తెలుస్తుంది, తర్వాత ట్రాఫిక్ కానిస్టేబుల్‌కి, ఆ తర్వాత ఓనరు గారికి. నాకు ఓనరు గారు ఫోన్ చేసి చెబుతారు. అంతసేపూ నా గది గోడకున్న పెద్ద తెర మీద చుక్కలన్నీ పచ్చగా మెరుస్తూనే ఉంటాయి.

ఆ తెర పెట్టించింది నేనే. దానికి డబ్బు శాంక్షన్ చేయించింది నేనే. దానికి అబద్ధాలాడటం నేర్పిందీ నేనే.

మాది రిఫైనరీ నుంచి సింధియా వైపు వెళ్లే దారిలో ఓ లారీల యార్డు. రెండు కాటాలు, వాటికి రెండు కంప్యూటర్లు, గేటు దగ్గర పాసులు రాసే కంప్యూటరు ఒకటి, కెమెరాలు, బిల్లింగ్ సర్వరు, నెట్ లైను. ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్‌లు చాలా ఉన్నాయి. నాగియోస్ అని ఒకటి, జాబిక్స్ అని ఒకటి, డబ్బు పెట్టి కొనేవి ఇంకో డజను. పేరేదైనా లోపల జరిగేది ఒకటే. ఒక్కో వస్తువుకి ఒక్కో టెస్టు రాసిపెడతాం: ఇంతసేపటికోసారి పలకరించు, ఇన్నిసార్లు పలక్కపోతే ఎర్రగా చూపించు, ఫలానా నంబరుకి మెసేజ్ కొట్టు.

పలకరింపుల్లో మొదటిది పింగ్. 1983 డిసెంబరులో అమెరికా సైన్యం తాలూకు పరిశోధనశాలలో మైక్ మ్యూస్ అనే ఆయన, నెట్‌వర్క్ ఏదో తిక్కగా ప్రవర్తిస్తుంటే దాని అంతు తేల్చడానికి ఒక్క రాత్రిలో రాసిన ప్రోగ్రామ్ అది. సోనార్ చేసే చప్పుడును బట్టి ఆ పేరు పెట్టారట. ఇక్కడ్నుంచి ఓ చప్పుడు పంపి, తిరిగొస్తుందా అని చెవి ఒగ్గడం. సబ్‌మెరైన్లున్న నేవీ బేస్ పక్కనే కాపురముండే మాకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. తిరిగొచ్చిన చప్పుడు దేన్ని తాకి వచ్చిందో చూసుకోవాలన్నది సోనార్ దగ్గర కూర్చునే కుర్రాడికి మొదట నేర్పే పాఠమై ఉంటుంది. నేను నేవీలో చేరలేదు.

సాఫ్ట్‌వేర్‌తో పాటు పింగ్ టెస్టు తయారుగానే వస్తుంది. అది వాడితే ఇక నా గొప్పేముంది? సొంతంగా నాలుగు లైన్ల బ్యాచ్ ఫైల్ రాశాను. విండోస్‌లో ఉన్న పింగ్‌నే పిలుస్తుంది. అది సున్నా అని బదులిస్తే పచ్చ, ఒకటి అంటే ఎరుపు. ఒక కంప్యూటరుకి రాసి, దాన్నే కాపీ కొట్టి అన్నింటికీ అంటించాను. తెర నిండా ఒక్కసారిగా పచ్చ చుక్కలు. ఓనరు గారు వచ్చి చూసి “బాగుందయ్యా” అన్నారు. నెలనెలా రిపోర్టు ఇచ్చేవాణ్ణి, కంప్యూటర్లన్నీ నూటికి నూరు శాతం పనిచేశాయని. ఆ నూరు చూసినప్పుడే అనుమానం రావాల్సింది. సముద్రపు ఉప్పుగాలి, పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గుధూళి, వేళాపాళా లేని కరెంటు కోతలు, వీటి మధ్య ఏ యంత్రమూ నూటికి నూరు పనిచెయ్యదు. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తే వాడి తప్పు కాదు, పాపం. నేను కావాలని అంటించుకున్నాను.

వానాకాలం, మధ్యాహ్నం పూట. కాటా గుమాస్తా ఫోన్. నా కంటే చాలా పెద్దవాడు, బాబాయ్ అని పిలుస్తాను.

“బాబూ, కాటా కంప్యూటరు సచ్చి కూకుంది. ఏటి సెయ్యమంటావు?”

“లేదు బాబాయ్, ఇక్కడ పచ్చగానే ఉంది.”

“నీకాడ పచ్చగుంటే నాకేటి? ఇక్కడ నల్లగుంది.”

“మానిటర్ వైరు ఊడిందేమో చూడు.”

“మానిటరేటి, డబ్బా లోపల ఫేనే తిరగట్లేదు. కాలిన వాసనొస్తంది.”

“పింగ్ వస్తోంది బాబాయ్. మెషీన్ ఆన్‌లోనే ఉంది.”

పక్కన నిలబడి కాలిన వాసన పీలుస్తున్న మనిషితో, ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని ఆ మాట అన్నాను. అని ఊరుకోలేదు. సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరవమన్నాను, స్విచ్ సరిగా నొక్కమన్నాను, చివరికి కళ్లజోడు పెట్టుకుని చూడమన్నాను. ఆ వయసు మనిషిని. ఆయన ఏమీ అనకుండా ఫోన్ పెట్టేశాడు. వెళ్లి చూస్తే డబ్బాకి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మాడి నల్లబడింది. వెనక లారీలు గేటు దాటి రోడ్డెక్కాయి. ఓ డ్రైవరు కిందికి దిగి లుంగీ ఎగ్గట్టి మా అందరి వంశాలనూ తలుచుకుంటున్నాడు.

సీటుకి తిరిగొచ్చి, చేత్తో పింగ్ కొట్టి చూశాను. నాలుగు పంపాను, నాలుగూ అందాయి, నష్టం సున్నా శాతం. కరెంటు లేని, కాలిపోయిన డబ్బా నాలుగుసార్లు పలికిందట! అప్పటికి గానీ అసలు లైను పూర్తిగా చదవలేదు. ‘రిప్లై ఫ్రమ్’ అన్న మాటల తర్వాత ఉన్న చిరునామా కాటా కంప్యూటరుది కాదు, నా కంప్యూటరుదే. ఆ పక్కన ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని ఉంది. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న మెషీన్ ఆగిపోతే, దాని ఆచూకీ దొరకలేదని మన విండోసే మనకి జవాబు రాస్తుంది. ఆ జవాబును కూడా అందిన జవాబుల్లోనే లెక్కేసి, సున్నా తిప్పి పంపుతుంది. అంటే ఇన్నాళ్లూ ప్రశ్న నేనే, సమాధానం నేనే, మార్కులూ నేనే. నిజమైన జవాబులో టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది; ఆ మూడక్షరాలు ఉన్నాయో లేవో వెతికితే చాలు. ఒక్క లైను మార్పు.

అంతకంటే సిగ్గుపడాల్సింది అకౌంట్స్ కంప్యూటరు విషయం. అది బతికుండగా కూడా ఎర్రగా చూపించేది. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కి జవాబివ్వనివ్వడం లేదు కాబట్టి. పింగ్ ఒక్కదానికే దారి ఇచ్చే రూలు అందులో సిద్ధంగా ఉంది, టిక్కు పెడితే అయిపోతుంది. నేను మొత్తం ఫైర్‌వాల్‌నే ఆపేశాను. చుక్క పచ్చబడింది. యార్డు లెక్కలన్నీ ఉన్న మెషీన్‌ను తలుపులు బార్లా తెరిచి పెట్టి, ఆ చుక్క వంక చూసి మురిసిపోయాను. మొత్తం మీద నా తెర మీద చచ్చినవి పచ్చగా, బతికున్నవి ఎర్రగా ఉండేవన్నమాట.

దెబ్బ తిన్నాక రెండో వైపు పడ్డాను. కనిపించిన ప్రతిదానికీ టెస్టు. అర నిమిషానికోసారి పలకరింపు, ఒక్కసారి పలక్కపోయినా మెసేజ్. గేటు దగ్గరి జంక్షన్ బాక్సు తెరిచి చూస్తే లోపల ఓ బల్లి కాపురం, నెట్ వైరు కొసనున్న ఆర్‌జే 45 పిన్నుల మీద ఉప్పుగాలికి చిలుమెక్కిన పచ్చటి పొర. (పచ్చ రంగు నన్ను అక్కడా వదల్లేదు.) గాలి వీస్తే లైను పోయేది, ఆగితే వచ్చేది, పోయినా వచ్చినా మెసేజే. గేటు స్విచ్‌కున్న యూపీఎస్ బ్యాటరీ ముసలిది. కరెంటు పోగానే అది చతికిలబడితే దాని వెనకున్న కెమెరాలు, కాటా, పాసుల కంప్యూటరు ఒక్కుమ్మడిగా నా ఫోన్‌లోకి దూకేవి. స్విచ్ పోతే దాని వెనకవాటి గురించి అరవొద్దని చెప్పే ఏర్పాటు ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లు చాలావాటిలో ఉంటుంది. నాగియోస్‌లో అయితే ‘పడిపోయింది’ వేరు, ‘చేరుకోలేకపోతున్నాం’ వేరు. మాన్యువల్‌లో ఆ అధ్యాయం దాకా నేను వెళ్లలేదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం మాత్రం మాన్యువల్ లేకుండానే వచ్చింది.

మా వీధిలో ఓ పెద్దాయన ఉన్నారు. కంట్రోల్ రూముల్లో షిఫ్టులు చేసి రిటైరయ్యారు. ఓ సాయంత్రం వాళ్ల అరుగు మీద కూర్చున్నప్పుడు నా ఫోన్ వణుకుతూనే ఉంటే ఏమిటని అడిగారు. గొప్పగా చూపించాను. ఆయన కాసేపు చూసి, “మాకు ఈఈఎంయూఏ 191 అని ఒక పుస్తకం ఉండేది. అలారాలు ఎలా పెట్టాలో అంతా అందులోనే. మామూలు రోజుల్లో ఒక మనిషికి పది నిమిషాలకి ఒక అలారం మించకూడదు. మించితే మనిషి వినడం మానేస్తాడు. నువ్వు మానేశావు కదా?” అన్నారు. మానేశానని ఒప్పుకున్నాను.

కాటా కథ కూడా చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. త్రీ మైల్ ఐలండ్ సంగతి చెప్పుకొచ్చారు. 1979 మార్చి 28న, అమెరికాలోని పెన్సిల్వేనియాలో, అణు విద్యుత్ కేంద్రం. ఒక వాల్వు తెరుచుకుని మూసుకోకుండా ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీద దీపం మాత్రం ఆరిపోయింది. దీపం ఆరింది కాబట్టి వాల్వు మూసుకుందనుకున్నారు ఆపరేటర్లు. మూసుకొమ్మని ఆజ్ఞ వెళ్లిందని చెప్పడమే ఆ దీపం పని; వాల్వు మూసుకుందో లేదో దానికి తెలియదు. రెండు గంటలకు పైగా రియాక్టర్‌ను చల్లబరిచే నీరు అక్కణ్ణుంచి పోతూనే ఉంది, మరోపక్క వందకు పైగా అలారాలు ఒకేసారి మోగుతున్నాయి. సగం దాకా కోర్ కరిగిపోయింది. “దీపం సంగతి సరే, వాల్వు సంగతేమిటని అడగాలోయ్” అన్నారాయన. ఇంకేదో అనబోయి ఆగారు. మా ఊళ్లో ఈ మాటలు ఎక్కడికి వెళ్తాయో ఇద్దరికీ తెలుసు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీద పడినప్పుడు సైరన్ మోగలేదు. సైరన్ లేక కాదు; ఉన్నదాన్ని మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే రాసింది.

ఇంత విన్నాక బుద్ధిగా ఉండాలి కదా. మెసేజ్‌లు తగ్గించాలని టెస్టు ఐదు నిమిషాలకోసారి చేశాను, పదిసార్లు వరసగా పలక్కపోతేనే చెప్పమన్నాను. ఐదు పదులు యాభై. యాభై నిమిషాల్లో లారీల బారు ఎక్కడిదాకా వెళ్తుందో మల్కాపురం వాళ్లనడగండి. ఆ లెక్క కూడా నాకు గుమాస్తా బాబాయే, చీటీ వెనక పెన్నుతో వేసి చూపించాడు.

నెట్‌వర్క్ వాడకం చూపించే గ్రాఫు కథ వేరు, అందులో డబ్బు పోయింది. స్విచ్‌లో ప్రతి పోర్టు మీదుగా ఎన్ని బైట్లు వెళ్లాయో లెక్కపెట్టే మీటరు ఉంటుంది, ఎస్‌ఎన్‌ఎంపీ పద్ధతిలో అడిగితే చెబుతుంది. పాత మీటరు 32 బిట్లది. సుమారు 429 కోట్ల బైట్లకి చేరగానే మళ్లీ సున్నా నుంచి మొదలు. గిగాబిట్ లైను నిండుగా పరిగెడితే 34 సెకన్లకోసారి తిరిగిపోతుంది. నేను అడిగేది ఐదు నిమిషాలకోసారి. మధ్యలో అది ఎన్ని చుట్లు తిరిగిందో సాఫ్ట్‌వేర్‌కి తెలిసే దారి లేదు. అందువల్ల గ్రాఫు ఏం చేసినా 114 మెగాబిట్లు దాటదు; నిజంగా 200 వెళ్తుంటే 85 అంటుంది. సాయంత్రం బ్యాకప్ వేళకి కెమెరా బొమ్మలు ముక్కలు ముక్కలవుతుంటే, నేను ఆ గ్రాఫు రంగుల్లో ప్రింటు తీసి, లైనులో ఎనిమిదో వంతు కూడా వాడటం లేదు కాబట్టి తప్పు కెమెరాలదేనని తేల్చాను. కొత్త కెమెరాలు కొన్నారు. బొమ్మలు అలాగే ముక్కలయ్యాయి, కాకపోతే ఇంకా స్పష్టంగా. 64 బిట్ల మీటరు అదే స్విచ్‌లో, పాతదాని పక్కనే ఉంది.

ఆలోచిస్తే వీటన్నింటిలోనూ నేను చెయ్యనిది ఒకటే. ఏ టెస్టునూ కావాలని ఫెయిల్ చేసి చూడలేదు. పచ్చగా వచ్చిందా, చాలు, తర్వాతది. ఇప్పుడు టెస్టు రాయగానే వెళ్లి వైరు పీకుతున్నాను. బిల్లింగ్ పేజీ వస్తోందా అని చూసే టెస్టు కోసం డేటాబేస్ ఆపి చూస్తే, లాగిన్ పేజీ మాత్రం చక్కగా తెరుచుకుని టెస్టు పచ్చగానే ఉంది. ఇప్పుడది ఒక బిల్లు నంబరు తెచ్చి చూపిస్తే తప్ప ఒప్పుకోదు. బాబాయ్‌కి మాత్రం ఈ కొత్త పద్ధతి నచ్చలేదు. “బండి కాటా మీదుంటే ఇప్పుడే పీకాలా? నిన్నటిదాకా పోతే సూసేవోడివి కాదు, ఇప్పుడు బాగున్నదాన్ని సెడగొడతన్నావు” అంటాడు.

పీకి చూడటానికి వీల్లేనిది ఒకటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మా మీదికి వచ్చినప్పుడు ఊళ్లో స్తంభాలు, సెల్ టవర్లు, చెట్లు అన్నీ ఒకేలా నేలకొరిగాయి. కరెంటు పూర్తిగా పోయేలోపు అప్పటి నా సాఫ్ట్‌వేర్ విధి నిర్వహణలో వెనకాడలేదు. ఇంటర్నెట్ లేదన్న కబురును నాకు ఇంటర్నెట్ ద్వారా పంపాలని శాయశక్తులా ప్రయత్నించింది. లైను తిరిగొచ్చిన రోజున, నేను మెషీన్ల మీది బురద తుడుచుకుంటుండగా, ఆగిపోయిన మెయిళ్లన్నీ వరదలా వచ్చిపడ్డాయి: ఇంటర్నెట్ లేదు, ఇంటర్నెట్ లేదు, ఇంటర్నెట్ లేదు.

దాని తర్వాత ఓ జీఎస్ఎం మోడెమ్ కొని, అందులో వేరే సిమ్ వేసి, నెట్ పోయినా మెసేజ్ వచ్చేలా చేశాను. గర్వంగానే ఉండేది. మొన్న నెట్ లైను పీకి చూస్తే తెర మీద చుక్క ఎర్రబడింది, లాగ్‌లో మెసేజ్ పంపినట్టు రాసుంది, నా ఫోన్ మాత్రం మోగలేదు. మోడెమ్‌లోంచి సిమ్ తీసి నా ఫోన్‌లో వేసి చూశాను. ప్రీపెయిడ్ సిమ్. రీఛార్జ్ గడువు ఎప్పుడో అయిపోయింది. వెంటనే రీఛార్జ్ చేశాను. గడువు దగ్గరపడితే చెప్పే టెస్టు ఇంకా రాయలేదు.